నిలబడి తిన్నవాళ్ళ గిన్నెలు

మా టీచర్ పోయారన్న కబురు, జాన్సన్‌విల్ నుంచి రైల్లో ఆఫీసుకి వెళ్తుండగా తెలిసింది. వాళ్ళమ్మాయి ఫోన్ చేసి, "అమ్మ వెళ్ళిపోయింది" అంది. ఇంకేదో చెప్పబోతుండగా రైలు సొరంగంలోకి దూరింది, ఫోన్ కట్టయిపోయింది. వెల్లింగ్టన్ స్టేషన్లో దిగేసరికి, వాళ్ళ చైనీస్ హాలు కమిటీ అందరికీ పంపిన మెసేజ్‌ని ఎవరో నాకూ పంపారు. శాంతస్వభావురాలు, కుటుంబమే లోకంగా బతికిన ఇల్లాలు, ప్రశాంతంగా కన్నుమూశారు అని ఉంది అందులో.

శాంతస్వభావురాలట! స్టేషన్ బయట గాలి మొహాన కొడుతుంటే అక్కడే నిలబడి ఆ ముక్క మళ్ళీ చదివాను. ఏడుపు రావలసిన చోట ఒళ్ళు మండింది. ఆవిడ శాంతం సంగతి ఆ కమిటీకి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. తెలిసీ అలా రాశారంటే, పోయాక కూడా ఆవిడ నోరు మూయించాలనే కదా. అందుకని నాకు తెలిసిన మనిషి గురించి నేను రాస్తున్నాను. నచ్చనివాళ్ళు చదవడం మానేయవచ్చు.

ఆవిడ మా పక్కింటావిడ. మేము ఈ ఇంట్లో దిగిన కొత్తల్లో ఒకరోజు కంచె మీంచి ఓ ఆకుకూర కట్ట మా వైపు వచ్చి పడింది. వెనకే గొంతు వినపడింది: "తినండి. మరీ ఉడికించి చంపకండి, గట్టి మంట మీద కాస్త తిప్పితే చాలు." మనిషి మాత్రం కనపడలేదు, ఎందుకంటే ఆవిడ మా కంచె కంటే పొట్టి. ఆ సాయంత్రం నేను గిన్నెడు పప్పు ఇచ్చి వస్తే, మర్నాడు గిన్నె కడిగి తెచ్చిస్తూ, "నీ పసుపు సూపు బావుంది, ఉప్పు ఎక్కువ" అన్నారు. మొహమాటం అనేది ఆవిడ ఒంట్లోనే లేదు. ఆవిడ ఇంగ్లీషు ముక్కలు ముక్కలుగా వచ్చేది, కానీ ఏ ముక్కా గురి తప్పేది కాదు. ఇక్కడ నేను తెలుగులో రాస్తున్నాను కనక ఆవిడ తెలుగులో మాట్లాడినట్టే ఉంటుంది, ఏమీ అనుకోకండి.

దక్షిణ చైనాలో ఏదో పల్లెలో పుట్టి, పెళ్ళి చేసుకుని ఈ దేశం వచ్చారు. అత్తగారింట్లో పళ్ళూ కూరగాయల కొట్టు ఉండేది. కొట్టు వెనక గదిలో క్యాబేజీల పై ఆకులు తీస్తూ, ఉల్లిపాయలు సంచులకెత్తుతూ ఆవిడ వయసంతా గడిచింది. భర్త పోయాక, దగ్గర్లో స్కూల్లో సాయంత్రాలు కుండలు చేయడం నేర్పుతారంటే వెళ్ళి చేరారు. ఆ తర్వాత ఆవిడ గోళ్ళల్లోంచి మట్టి పోవడం ఎవరూ చూడలేదు. కొన్నేళ్ళకి కమ్యూనిటీ సెంటర్లో తనే శనివారం క్లాసు మొదలుపెట్టారు. నన్ను అందులో చేర్చింది కూడా ఆవిడే. "నీ భుజాలు చూసుకున్నావా, ఆ కంప్యూటర్ ముందు కూర్చుని కూర్చుని చెవుల దాకా వచ్చేశాయి. రా, వచ్చి మట్టి పిసుకు" అన్నారు.

నేను కుమ్మరి సారె మీద చేసిన మొదటి గిన్నెని చూసుకుని మురిసిపోతుంటే, ఆవిడ వచ్చి సన్నటి తీగ తీసుకుని దాన్ని నిలువునా రెండు ముక్కలు కోసేశారు. నాకు ప్రాణం ఉసూరుమంది. "పైన నాజూగ్గా ఉంది. లోపల చూడు, అడుగంతా ముద్దే. బరువంతా కింద దాచిపెట్టి పైకి నవ్వుతోంది" అన్నారు. నేను మూతి ముడుచుకుంటే, "అలగకు. మట్టికేం నష్టం లేదు, మళ్ళీ ముద్ద చెయ్యి" అంటూ పక్క మనిషి దగ్గరికి వెళ్ళిపోయారు. ఆ క్లాసులో అందరం ఆడవాళ్ళమే. చైనావాళ్ళు కొందరు, ఇద్దరు సమోవా దీవుల అక్కాచెల్లెళ్ళు, బస్సు నడిపే ఒక కివీ ఆవిడ, అంటే ఈ దేశపు తెల్లావిడ, నేను. ఆవిడ తీగ దెబ్బ తినని కుండ మా ఎవరిదీ లేదు.

ఆవిడ సొంత పని మాత్రం గోడవార అరలో విడిగా ఉండేది. అన్నీ అన్నం గిన్నెలే. తెల్లగా, మామూలుగా ఉంటాయి. చేతిలోకి తీసుకుంటే తెలుస్తుంది, అంచు మీద బొటనవేలు ఆనేచోట ఒక నొక్కు, అడుగున మిగతా వేళ్ళకి నొక్కులు. ఏ రెండు గిన్నెల నొక్కులూ ఒకేలా ఉండవు.

"ఇవేంటి టీచర్?" అని అడిగాను.

"నిలబడి తిన్నవాళ్ళ గిన్నెలు" అన్నారు.

ఆ రోజే హాలు సంగతి చెప్పారు. వాళ్ళవాళ్ళు ఈ దేశంలో అడుగుపెట్టడానికే పన్ను కట్టాల్సి వచ్చిన రోజులుండేవి. ఎక్కడికెళ్ళినా చీదరింపే. అలాంటప్పుడు తలా కాస్త వేసుకుని ఒక హాలు కట్టుకున్నారు. పండగలూ, పెళ్ళిళ్ళూ, చావు భోజనాలూ అన్నీ అందులోనే. గోడ నిండా కట్టినవాళ్ళ ఫోటోలుంటాయి, అందరూ మగవాళ్ళే. హాలు వెనక వంటగది, మధ్య గోడలో ఒక కిటికీ. ఆ కిటికీలోంచి ఆడవాళ్ళు వంటకాలు అందిస్తారు, గుండ్రటి బల్లల చుట్టూ మగవాళ్ళూ, మగపిల్లలూ కూర్చుని తింటారు. వాళ్ళది అయ్యాక మిగిలింది, ఆడవాళ్ళు కిటికీ అవతల గట్టు దగ్గర నిలబడి తింటారు. "కోడి కాలు ఎలా ఉంటుందో పెళ్ళయిన చాలా ఏళ్ళకి గానీ నాకు తెలియలేదు. మెడ రుచి మాత్రం బాగా తెలుసు" అని పకపకా నవ్వారు. చూసిన ప్రతి ఆడమనిషీ గిన్నె ఎలా పట్టుకునేదో ఆవిడకి గుర్తు. ఆ పట్టు మట్టిలో దించుతున్నారు.

అందులో ఒకటి వాళ్ళ అత్తగారిది. ఆ పెద్దావిడ బొటనవేలు వెనక్కి బాగా వంగి ఉండేదట, పుట్టుకతోనే. ఆ నొక్కు సరిగ్గా కుదిరేదాకా ఎన్ని గిన్నెలు పగలగొట్టారో. "నన్ను చాలా ఏడిపించింది ముసల్ది. కానీ నేను కూర్చోవడం చూసి ఓర్వలేకపోవడానికి ముందు, ఆవిడనెవరూ కూర్చోమనలేదు కదా" అన్నారు. ఆ మాట ఇప్పటికీ నా మనసులోంచి పోవడం లేదు.

నేను అడ్డం తగిలాను. మేము గిన్నెలో తినం, కంచంలో తింటాం, నిలబడితే ఎడమ అరచేతిలో పెట్టుకుని తింటాం అన్నాను. ఆవిడ కళ్ళు చిట్లించి, "అయితే మీరూ నిలబడే తిన్నారన్నమాట" అన్నారు. అప్పుడు నవ్వేసి ఊరుకున్నాను. చెప్పడానికి నా దగ్గర ఏమీ లేక కాదు.

నేను చెప్పనిది తర్వాత ఆవిడే కళ్ళారా చూశారు. మా అత్తయ్యగారు భీమవరం నుంచి వచ్చి ఉన్నప్పుడు, మావారి స్నేహితుల్ని నాలుగైదు కుటుంబాల్ని భోజనానికి పిలిచాం. టీచర్ని కూడా పిలిచాను. మగవాళ్ళు బల్ల దగ్గర కూర్చున్నారు, పిల్లలు టీవీ ముందు. మేమందరం వడ్డనలో ఉన్నాం. ఎవరూ ఎవరికీ చెప్పలేదు, దానంతటదే అలా అయిపోయింది. మావారు మర్యాదగా లేచి, "కూర్చోండి ఆంటీ, ఇక్కడ ఖాళీ ఉంది" అన్నారు. ఆవిడ కంచం పట్టుకుని తిన్నగా వంటింట్లోకి వచ్చి గట్టుకి ఆనుకుని నిలబడ్డారు. "నాకిక్కడ అలవాటే" అన్నారు. నా మొహం మాడిపోయింది. అత్తయ్యగారు మాత్రం ఆవిణ్ణి ఎగాదిగా చూసి, ఇంత గోంగూర పచ్చడి కంచంలో వేశారు.

మర్నాడు టీచర్ ఇంత బంకమట్టి పలక చేసుకుని మా ఇంటికొచ్చారు. అత్తయ్యగారి అరచెయ్యి అచ్చు కావాలట.

"నాకెందుకమ్మా ఈ వయసులో బురద! మీ టీచరమ్మకి పనీపాటా లేదా?" అన్నారు అత్తయ్యగారు. ఆ అచ్చు ఎందుకో నేను వివరించాను. అత్తయ్యగారు చీర కొంగు బొడ్లో దోపుకుని, "చెప్పు ఆవిడకి. నేను వేడన్నం కూర్చుని తిన్నది పురిటి మంచం మీదేనని చెప్పు. ఆ నెల్లాళ్ళూ రాణీవాసమే. అందుకే కాబోలు నలుగుర్ని కన్నాను" అన్నారు.

నేను ఇంగ్లీషులో చెప్పగానే టీచర్ మా గట్టు మీద చేత్తో చరిచి నవ్వారు. వాళ్ళకీ అంతేనట. బిడ్డని కన్నాక ఒక నెల కూర్చోబెట్టి అల్లం వేసి వండిన మాంసం పెడతారట, ఆ ఒక్క నెలే. ఆడపిల్ల పుడితే ఆ ముక్కలు కూడా చిన్నవయిపోతాయట. ఇది నేను తెలుగులో చెప్తే అత్తయ్యగారు, "మా ఇంటి సంగతి ఈవిడకెవరు చెప్పారే?" అన్నారు. ఒకరి భాష ఒకరికి రాదు. ఇద్దరూ కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతూనే ఉన్నారు. ఆ అరచేతి అచ్చు కంచంగా మారి ఆ అరలో చేరింది. తర్వాత మా క్లాసులో వాళ్ళందరివీ చేరాయి.

ఈ పనికి పేరు రావడం మొదలైంది. ఒక పెద్ద గ్యాలరీ నుంచి ఒకావిడ వచ్చి అన్నీ చూసి, గుండె మీద చెయ్యేసుకుని, "అయ్యో, మీ సంస్కృతిలో ఆడవాళ్ళు ఎంత బాధపడ్డారు!" అంది. టీచర్ ఆవిడకి టీ పోసిచ్చి, "క్రిస్మస్ భోజనం రోజు మీ అమ్మ ఎంతసేపు కూర్చునేది?" అని అడిగారు. గ్యాలరీలో పెడితే బోలెడు మంది చూస్తారు, పేపర్లలో వస్తుంది, ఒప్పుకోండి అని మేమందరం చెవినిల్లు కట్టుకుని పోరాం. ససేమిరా అన్నారు.

"అక్కడ పెడితే వాళ్ళు చూసి జాలిపడి, ఇంటికెళ్ళి హాయిగా నిద్రపోతారు. నాకెవరి జాలీ అక్కర్లేదు. ఇది పరాయివాళ్ళ ముందు మావాళ్ళని తిట్టడానికి చేసింది కాదు. కూర్చున్నవాళ్ళు చూడాలి. వాళ్ళు కూర్చున్నచోటే చూడాలి" అన్నారు.

అంటే ఆ హాల్లోనే. ఆ కిటికీ అవతలి గట్టు మీదే. ఆవిడ కోరిక అదొక్కటే, చివరిదాకా అదొక్కటే.

హాలు కమిటీకి పెద్ద, మా టీచర్ బావగారే, భర్త అన్నగారు. ఆవిడ అడిగిన ప్రతిసారీ కాదన్నారు. ఒకసారి నేనూ తోడు వెళ్ళాను. బావగారు కేకలేసే రకం కాదు. టీ తెప్పించారు. "మనల్ని ఈ ఊళ్ళో మనుషులుగా చూడని రోజుల్లో మా నాన్నగారు ఈ హాలు కట్టారు. ఇప్పుడిప్పుడే తలెత్తుకు తిరుగుతున్నాం. మనింట్లో ఆడవాళ్ళకి అన్నం పెట్టలేదని నువ్వే ఊరంతా చాటితే, వాళ్ళకి కావలసింది అదే కదా" అన్నారు. నిజం చెప్పాలంటే నాకు ఆయన మాటలోనూ న్యాయం కనపడింది. మనవాళ్ళ గురించి ఇక్కడెవరైనా ఒక మాటంటే నాకు మాత్రం పొడుచుకు రాదూ?

టీచర్ టీ కప్పు కింద పెట్టారు. "బావగారూ, మావయ్యగారు హాలు కట్టారు. కట్టేటప్పుడు ఆయనకి అన్నం ఎవరు పెట్టారు? ఆవిడ ఫోటో ఏ గోడ మీదుందో చూపించండి, నేను ఈ గిన్నెలన్నీ పగలగొట్టేస్తాను" అన్నారు.

ఆయన గోడ వైపు చూడలేదు. కమిటీలో మాట్లాడతాను అన్నారు. కమిటీ ఎప్పుడు మాట్లాడిందో ఏమో, జవాబు మాత్రం ఎప్పుడూ అదే. ఆ తర్వాత వాళ్ళ పండగ భోజనాలకి ఆవిణ్ణి పిలవడం మానేశారు. ఆవిడ పిలవకపోయినా వెళ్ళి, వంటగదిలో నిలబడి తిని వచ్చేవారు. "తినేటప్పుడు కిటికీలోంచి ఒక్కొక్కడి వైపూ చూస్తాను. వాళ్ళకి ముద్ద దిగదు" అని చెప్తూ మా ఇంట్లో కూర్చుని పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవారు. కానీ అలా వెళ్ళొచ్చిన రోజు క్లాసులో అందరి కుండలూ కోసేసేవారు. ఆవిడకి ఎంత కష్టంగా ఉండేదో మాకు అలా తెలిసేది.

పోయిన చలికాలం కడుపులో గడ్డ అన్నారు. ఆసుపత్రిలో చూడ్డానికి వెళ్తే మంచం మీద మరీ చిన్నగా కనిపించారు. నాకు దుఃఖం ఆగలేదు. "ఆ గ్యాలరీకైనా ఇచ్చెయ్యండి టీచర్, మీరుండగా ఒక్కసారైనా చూసుకోవచ్చు" అన్నాను.

"పిచ్చిదానా" అన్నారు. "నాకు హాలు దొరికింది."

"బావగారు ఒప్పుకున్నారా?"

"ఆయన ఒప్పుకోవడమెందుకు? మాలో మనిషి పోతే ఆ రోజు భోజనం ఆ హాల్లోనే. పోయినవాళ్ళ భోజనం వద్దనే దమ్ము ఏ కమిటీకీ ఉండదు. గిన్నెలు మా అమ్మాయి తెస్తుంది. వంట మగవాళ్ళని వండమనండి, హోటల్ నించి తెప్పించుకుంటే తెప్పించుకోమనండి. మీరందరూ వెళ్ళి కూర్చోండి. అంతే, ఇంకేం చెయ్యక్కర్లేదు." కాస్త ఆగి, "నా ఎగ్జిబిషన్‌కి నేనొక్కదాన్నే రాలేను. ఏం చేస్తాం" అన్నారు.

వినడానికి ఎంత తేలిక! వెళ్ళి కూర్చోవడం.

అంత్యక్రియలయ్యాక శ్మశానం నుంచి అందరం హాలుకి వచ్చాం. హోటల్ నించి వంటకాలు వచ్చాయి. వాళ్ళమ్మాయి గిన్నెలన్నీ కిటికీ అవతలి గట్టు మీద వరసగా పేర్చింది, మా అత్తయ్యగారి కంచంతో సహా. చైనా ఆడవాళ్ళు, మా క్లాసు వాళ్ళు, టీచర్ కొట్టులో ఒకప్పుడు పనిచేసినవాళ్ళు, అందరం ఉన్నాం. అందరికీ ఆవిడ మాట తెలుసు. తెలిసి మేమేం చేశామో చెప్పనా? మూతలు తీశాం. పళ్ళాలు సర్దాం. ఎవరో చేపలో అల్లం ముక్కలు సరిచేశారు, ఎవరో టీ కాచారు. నేను కొంగు దోపుకుని, అన్నం గిన్నె ఎత్తుకుని కిటికీ దగ్గరికి వెళ్ళాను. అవతల మగవాళ్ళు కుర్చీలు లాక్కుంటున్నారు.

వాళ్ళమ్మాయి వంటగది గుమ్మంలోకి వచ్చింది. కళ్ళు వాచిపోయి ఉన్నాయి. "మీరంతా ఇక్కడేం చేస్తున్నారు?" అంది.

ఒక్కసారిగా ఎక్కడి చేతులు అక్కడే ఆగిపోయాయి. ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. ఆవిడ ఎగ్జిబిషన్లో ఆవిడకే అడ్డంగా నిలబడ్డాం. బస్సు నడిపే ఆవిడ ముందు తేరుకుని, గట్టిగా ఒక బూతు మాట అని, ఏప్రన్ విప్పి అవతల పారేసింది. ఆ మాటకి వచ్చిన నవ్వే మమ్మల్ని కదిలించింది. పళ్ళాల్లో సగం చేతపట్టుకుని అందరం బిలబిలమంటూ హాల్లోకి వెళ్ళాం. మగవాళ్ళెవరూ ఇంకా కూర్చోలేదు. మేము కూర్చున్నాం. ముందు వరస బల్లలు నిండాయి, వెనకవీ నిండాయి. కుర్చీలు అయిపోయాయి. వాళ్ళమ్మాయి అందరికీ వినపడేలా, "అమ్మ కోరిక ఇది. వంటగదిలో గిన్నెలున్నాయి. కావలసినవాళ్ళు అక్కడ వడ్డించుకుని తినండి" అంది.

కొందరు మగవాళ్ళు విసవిసా వెళ్ళిపోయారు. వెళ్ళనీ. కుర్రాళ్ళు ముందు కదిలారు, తర్వాత మధ్యవయసువాళ్ళు, మావారు కూడా. ఆయన గట్టు మీద వెతికి వెతికి వాళ్ళమ్మ కంచం తీసుకోవడం నేను కిటికీలోంచి చూశాను. అరచేతి అచ్చులో తన అరచెయ్యి ఆనించి, అన్నం పెట్టుకోకుండా అలాగే కాసేపు నిలబడ్డారు.

చివరికి బావగారొక్కరే మిగిలారు, గోడ మీది ఫోటోల కింద. తొంభైకి దగ్గరపడుతున్న మనిషి, చేతికర్ర. ఆయన నెమ్మదిగా మా బల్ల వైపు రావడం చూసి, నా కాళ్ళు వాటంతటవే లేవబోయాయి. పెద్దాయన నిలబడితే మనం కూర్చోవడమేమిటి! వాళ్ళమ్మాయి బల్ల కింద నుంచి నా మోకాలి మీద చెయ్యేసి గట్టిగా నొక్కింది.

"కూర్చో" అంది, నా వైపు చూడకుండా.

బావగారు మా బల్ల దాటి వంటగదిలోకి వెళ్ళారు. కర్ర గట్టుకి ఆనించారు. మిగిలిన గిన్నెల్లో చేతికందినది తీసుకుని కాస్త అన్నం పెట్టుకున్నారు. అంచు పట్టుకోగానే ఆయన చెయ్యి ఆగింది. ఆయన బొటనవేలు వెనక్కి బాగా వంగి ఉంటుందని నేను అప్పుడే చూశాను. ఆ నొక్కులో అది ఎక్కడా సందు లేకుండా కూర్చుంది.

"పెదనాన్నా, అది నానమ్మది" అంది వాళ్ళమ్మాయి కిటికీలోంచి.

ఆయన తల ఎత్తలేదు. గిన్నెని రెండో చేత్తో కూడా పట్టుకున్నారు. చాలాసేపటికి ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నారు. మా బల్ల మీద కోడి కాళ్ళు వేడివేడిగా ఉన్నాయి, అందరి కంచాల్లోకీ వచ్చాయి. కిటికీ అవతల ఆయన గట్టుకి ఆనుకుని, వాళ్ళమ్మ గిన్నెలో, నిలబడి తింటున్నారు. మాలో ఎవరమూ లేవలేదు.